వేడికి అడ్డురేకు

4, సోమవారం

ఇంటి లెక్కల పుస్తకం వేరు, ఇది వేరు. ఇది కారు కోసం. పాత నోటుపుస్తకంలో వెనక నలభై పేజీలు ఖాళీగా ఉంటే చింపబుద్ధి కాక, తిప్పి మొదలుపెట్టాను.

సాయంత్రం ఆయన వస్తూనే బానెట్ ఎత్తారు. బండికి ఊపిరాడటం లేదన్నారు. ఇంజను పక్కనే గాలి పీల్చే డబ్బా ఉంటుందట. దాని మూతి పొయ్యి ముందు కూర్చున్నట్టు ఉందట. వేడిగాలి పలచన, పలచటి గాలితో ఇంజనుకి బలం రాదు, అందుకే బండి లాగడం లేదు, అందుకే రోజూ ఆలస్యం. మధ్యలో ఒక రేకు అడ్డం పెడితే సరిపోతుందన్నారు. గాలిగొట్టాలు చేసే వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్లుగా మేస్త్రి. రేకు వంచడం ఆయనకి నేను దుప్పటి మడతపెట్టినంత పని.

కొలత లేకుండా ఏ పనీ మొదలుపెట్టొద్దన్నాను. కేకు లోపల ఉడికిందో లేదో చూసుకునే తీగ థర్మామీటరు తెచ్చి డబ్బా మూతి దగ్గర పెట్టాను. 71.

బయలుదేరేటప్పుడు ఆయన ఫోన్ చేస్తారు కాబట్టి సమయం కూడా తెలుసు. 5.40కి బయలుదేరారు, 6.32కి చేరారు. తొమ్మిది కిలోమీటర్లకి యాభై రెండు నిమిషాలు. పోయిన ఏడాది ఇదే దారి ఇరవై ఐదు నిమిషాలు. అది కూడా రాసుకుంటే మంచిది. రేకు పెట్టాక తేడా తెలుస్తుంది.

24వ తేదీ, ఆదివారం, ఆయన వెళ్లి అమ్మాయినీ మనవరాలినీ తీసుకురావాలి. నాలుగు గంటల దారి, మధ్యలో కొండ. మనవరాలికి మూడేళ్లు. ఈలోగా రేకు తయారు కావాలి.

5, మంగళవారం

70. యాభై నిమిషాలు.

6, బుధవారం

72. యాభై ఐదు.

గేటు స్తంభానికి ఎడమవైపు కొత్త గీత, కారు రంగులో. ఈ గేటు ఇరుకు. ఇల్లు కట్టిన రోజునుంచీ ఇరుకే.

7, గురువారం

టీ తాగుతూ ఆయన వేడిగాలి సంగతి మళ్లీ మొదటినుంచీ చెప్పారు. వదిన విని విని, "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికొకడు. బండి నోరు లేనిది, దాన్నంటావేం తమ్ముడూ" అంది. ఆయన అక్క కాబట్టి అనగలిగింది. అని తనే నవ్వింది. మేమిద్దరం నవ్వకపోయేసరికి కప్పు తీసుకుని లోపలికి పోయింది.

కుట్టుమిషన్ సూదిలో దారం ఎక్కించడానికి వదిన రెండు నెలలుగా నన్నే పిలుస్తోంది. అంతకుముందు తమ్ముణ్ని పిలిచేది. ఇది కారు పుస్తకం, ఈ సంగతి ఇక్కడెందుకు రాశానో.

70. యాభై మూడు.

9, శనివారం

ఈరోజు అట్ట పని. రేకు కొయ్యబోయే ముందు అట్టతో ఆకారం చూసుకోవాలట. ఫ్యాను వచ్చిన పెట్టె విప్పి ఇచ్చాను. ఆయన బానెట్ కింద రెండు చేతులూ పెట్టి, తడుముతూ, అట్టని వంచుతూ, కొద్దికొద్దిగా కత్తిరిస్తూ గంటన్నర నిలబడ్డారు. చాలాసేపు కళ్లు మూసుకునే ఉన్నారు. నిద్రొస్తోందా అంటే, ఈ పనికి కళ్లు అడ్డం, చేతులు చూసుకుంటాయి అన్నారు.

అయ్యాక చూశాను. డబ్బాకీ ఇంజనుకీ మధ్య అట్ట తలుపులా నిలబడింది. ఎక్కడా చిటికెనవేలు దూరే సందు లేదు. పొడవు 42, ఎత్తు 18, మధ్యలో ఒక మడత. కొలతలు నేను రాసుకున్నాను. ఆయనకి ఇవ్వబోతే, నా కొలతలు నేను తీసుకుంటాను అన్నారు.

ఆయన చేతులని ఇంత తీరిగ్గా చూసి చాలా ఏళ్లయింది.

10, ఆదివారం

షెడ్డులో బల్బు మార్చాను. వెలుతురు చాలడం లేదన్నారు. అప్పుడు మధ్యాహ్నం పన్నెండు.

ఆయన రేకు మీద గీతలు గీశారు. వెంట్రుకంత సన్నగా, ఉక్కు ములుకుతో గీసే మనిషి. ఈసారి మాత్రం, మనవరాలు ఇదివరకు వచ్చినప్పుడు వదిలేసి వెళ్లిన నల్ల స్కెచ్ పెన్ను తీసుకున్నారు. అట్టని రేకు మీద పెట్టి చుట్టూ గీసేస్తే పోదా అన్నాను. "అట్ట చుట్టూ గీసేవాడు పనివాడు కాదు. గీత లావెక్కుతుంది, కొలత చెడుతుంది. టేపు పెట్టాలి" అన్నారు. వర్క్‌షాపులో కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు చెప్పే పాఠం అదేనట.

టేపుని ముక్కు దాకా తెచ్చుకుని చూశారు. నేను అంకె చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

కోసేసి, రేకు మీద సుత్తి బరువు పెట్టి, మడత పని ఎల్లుండి అన్నారు.

11, సోమవారం

షెడ్డు ఊడ్చడానికి వెళ్లాను. ఊడ్చడానికే వెళ్లాను.

కోసిన రేకుని అట్ట మీద పెట్టి చూశాను. పొడవు సరే. ఎత్తు 13.

షెడ్డు టేపుతో కొలిచాను, 13. వదిన కుట్టుమిషన్ టేపు తెచ్చి కొలిచాను, 13. అప్పుడు టేపు మీద 13నీ 18నీ చూస్తూ కూర్చున్నాను. నా కళ్లజోడు తీసేసి చూశాను. తీసేస్తే రెండూ ఒకటే.

పొరపాటు ఎవరికైనా వస్తుంది. నేనూ ఒకసారి పంచదార డబ్బాలో ఉప్పు పోశాను.

ఐదు సెంటీమీటర్లు తక్కువైతే రేకు బానెట్‌కి అందదు. పైనుంచి వేడి దూకి లోపలికి వస్తుంది. బిగించబోయినప్పుడు ఆయనకి తెలుస్తుంది. ఆయనకి తెలియడమే నాకు ఇష్టం లేదు. మిగిలిన రేకు గోడకి ఆనించి ఉంది. పదింటికి మొదలుపెట్టాను.

అట్ట చుట్టూ పెన్సిల్‌తో గీసేశాను, నేనెలాగూ పనివాణ్ని కాదు. ఆయన రేకు కత్తెర కుడిచేతివాళ్ల కోసం చేసింది. నాది పుర్రచేయి. అది నా చేతిలో ఎదురు తిరిగిన కోడలిలా ఉంది. బొటనవేలి మొదట్లో బొబ్బ లేచింది. పన్నెండున్నరకి అయింది. మూడుసార్లు కొలిచాను. 42, 18. ఆయన పెట్టిన చోటే పెట్టి, పైన సుత్తి కూడా అదే వాలుతో పెట్టాను. 13 రేకుని నాలుగు ముక్కలు చేసి పాతసామాను సంచిలో అడుగున వేశాను.

ఇంటి లెక్కల పుస్తకంలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఒక్క అంకె దిద్ది ఎరగను. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన సరైనది రాస్తాను. తప్పు కనిపించేలాగే ఉంచుతాను.

71. యాభై నాలుగు.

12, మంగళవారం

ఆయన రేకు ఎత్తారు. అలవాటుగా అంచు మీద బొటనవేలు నడిపించారు. సగంలో ఆగారు. మళ్లీ మొదటినుంచి చివరిదాకా నడిపించారు. నేను షెడ్డు గుమ్మంలో టీ పట్టుకుని నిలబడి ఉన్నాను.

రేకుని రెండు చెక్కల మధ్య బిగించి చెక్కసుత్తితో మడత కొట్టారు. గీత గీసినట్టు వచ్చింది మడత.

టీ ఇవ్వడం మర్చిపోయాను. చల్లారిపోయింది.

13, బుధవారం

షెడ్డులో బల్బు మార్చాను. మొన్న పెట్టింది బాగానే వెలుగుతోంది. ఇంకా పెద్దది పెట్టాను.

14, గురువారం

కూరగాయల కొట్టు దగ్గర వెల్డరు కనిపించాడు. మా పక్క వీధే. ఏడేళ్లుగా వర్క్‌షాపు నుంచి మా కారులోనే వచ్చే మనిషి, బస్సు దిగి వస్తున్నాడు. అదేమిటని అడిగితే నీళ్లు నమిలాడు. నడుం నొప్పక్కా, కారులో కూర్చోలేను, బస్సులో నిలబడితే హాయిగా ఉంటుంది అన్నాడు. నడుం నొప్పికి బస్సులో వేలాడే వైద్యం నేనెక్కడా వినలేదన్నాను. నవ్వబోయి మానేశాడు.

"అక్కా, నాకు చెయ్యి పట్టుకుని పని నేర్పినవాడు. ఆయనకి నేనెట్లా చెప్తాను? నువ్వు చెప్పు."

ఏం చెప్పాలో అడగలేదు నేను. అడిగితే చెప్పేసేవాడు.

రెండు కిలోల ఉల్లిపాయలు కొనుక్కొచ్చాను. ఇంట్లో మూడు కిలోలు ఉన్నాయి.

16, శనివారం

రేకు బిగించాం. ఇంజను వైపు వెండిరంగు పొర అంటించాం, వేడిని వెనక్కి కొట్టడానికి. పై అంచుకి తలుపులకి వేసే రబ్బరు పట్టీ తొడిగాం, బానెట్ మూస్తే సందు లేకుండా ఆనుకోవడానికి. చల్లగాలి ముందు దీపం పక్కనుంచి రావాలి కాబట్టి ఆ మూల వదిలేశాం. నాలుగు బోల్టులు. కొంచెం ఎడమకి, ఇంకొంచెం, ఆ, అక్కడే అని నేను అంటుంటే ఆయన తిప్పారు. పెళ్లయిన కొత్తలో ఇద్దరం కలిసి మంచం బిగించుకున్న రోజు గుర్తొచ్చింది. అప్పుడు ఆయన చెప్పేవారు, నేను తిప్పేదాన్ని.

వదిన వచ్చి తొంగి చూసి, "మొత్తానికి బండి ముక్కుకి గొడుగు పట్టారన్నమాట" అంది. ఆయన నవ్వారు. చాలా రోజులకి.

బజారు దాకా తిప్పి వచ్చాం. 49.

డెబ్బై ఒకటి ఎక్కడ, నలభై తొమ్మిది ఎక్కడ. గుడ్డిలో మెల్ల అని రాసి కొట్టేశాను. కొట్టేసినా కనిపిస్తోంది.

18, సోమవారం

48. యాభై నాలుగు.

19, మంగళవారం

49. యాభై ఒకటి. మలుపు దగ్గర రోడ్డు తవ్వారేమో.

20, బుధవారం

48. యాభై ఆరు. రోడ్డు తవ్వలేదట. వెళ్లి చూసొచ్చాను.

రెండు వరసలూ పక్కపక్కన వేసి చూశాను. వేడి వరస మెట్లు దిగినట్టు దిగిపోయింది. నిమిషాల వరస కదల్లేదు. బండికి ఊపిరి ఆడుతోంది. రెండు వరసలూ రాసింది నేనే, రోజూ, నా చేత్తోనే.

ఆయనకి కళ్లు సరిగ్గా కనిపించడం లేదు. రాశాను. గేటు ఇరుకు కాదు, బల్బు చిన్నది కాదు, వెల్డరుకి నడుం నొప్పి లేదు. ఆయన నెమ్మదిగా నడుపుతున్నది బండి లాగక కాదు, ముందేముందో తెలియక.

ఇంక నాలుగు రోజులు. ఆ కళ్లతో కొండదారిలో, వెనక సీట్లో పిల్లని కూర్చోబెట్టుకుని వస్తారు. చెప్పాలి. డ్రైవింగ్ మానెయ్యండి అని చెప్పడం ఒక్క మాటే. కానీ ఆ మాట వెనకే టేపు ఉంది, వర్క్‌షాపు ఉంది, మేస్త్రి అన్న పిలుపు ఉంది. ఆ ఒక్క మాట లాగితే అన్నీ ఊడి వస్తాయి. అవన్నీ నా నోటితో లాగాలి.

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే రెండుసార్లు తలనొప్పి అని, ఒకసారి పని ఉందని తప్పించుకున్నారు. నేనూ గట్టిగా అడగలేదు. అదీ రాస్తున్నాను.

21, గురువారం

చెబుదామని షెడ్డులోకి వెళ్లాను. "ఇంకో బల్బు తేనా?" అన్నాను.

22, శుక్రవారం

అమ్మాయి ఫోన్ చేసింది. పిల్ల సీటు తెచ్చుకుంటానంది. ఆయన ఫోన్ తీసుకుని, బండి ఇప్పుడు గుర్రమమ్మా, కొండ మీద చూద్దువుగాని అన్నారు. పిల్ల ఫోన్ లాక్కుని, ఏ రంగు చొక్కా వేసుకొస్తావు తాతా అని అడిగింది. దూరం నుంచి గుర్తుపట్టడానికట. నీలం అన్నారు.

నీలం అనుకుని ఆకుపచ్చది తీసి కుర్చీ మీద వేసుకున్నారు. నేను మార్చి పెట్టాను.

మార్చి పెట్టాక చాలాసేపు ఆ ఆకుపచ్చ చొక్కా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. రేకు మార్చాను, చొక్కా మార్చాను. కొండ మలుపు ఎలా మారుస్తాను?

రేపు ఆఖరి పరీక్ష కోసం ఊరి బయట వంతెన ఎక్కిద్దామన్నారు. సరే అన్నాను.

23, శనివారం

థర్మామీటరు తీగని బానెట్ సందులోంచి తీసి, టేపు అంటించి, నా కిటికీ దాకా తెచ్చాను. మధ్యాహ్నం మూడింటికి బయలుదేరాం. బండి నడుస్తుండగా చూడటం ఇదే మొదటిసారి. 44, 43, 42. పైకి చదువుతూ కూర్చున్నాను.

వంతెన ఎక్కుడు మొదలైంది. ఇంజను చప్పుడు మెత్తగా, తేలిగ్గా ఉంది. నాకే తెలుస్తోంది, కొంచెం తొక్కితే ఎగిరేలా ఉంది. ఆయన ముప్పై దాటలేదు. వెనక లారీ హారను కొట్టి కొట్టి, విసుగెత్తి పక్కనుంచి పోయింది. అది కిటికీ పక్కకి వచ్చేదాకా ఆయన దాన్ని చూడలేదు. స్టీరింగు ఒక్కసారి అదిరింది. నేను తలుపు పిడి పట్టుకున్నాను.

"ఇంకా లాగడం లేదు. ఎంతుంది?" అన్నారు.

నలభై ఒకటి అన్నాను.

"సరిగ్గా చూడు. డెబ్బై ఉండాలి."

ఆయన అడుగుతున్నది అంకె కాదని అప్పుడు అర్థమైంది. నేను డెబ్బై అంటే చాలు. రేకు పనిచెయ్యలేదు, ఇంకో పొర అంటిద్దాం, ఇంకోటి కోద్దాం. ఇంకో నెల షెడ్డులో ఇద్దరం ఒకరికొకరం సాయం చేసుకుంటూ ఉండొచ్చు. థర్మామీటరు నా చేతిలో ఉంది. దాన్ని చూడగలిగింది నేనొక్కదాన్నే. నోట్లోకి ఆ అంకె వచ్చింది కూడా.

"నలభై ఒకటేనండీ" అన్నాను. "బండికి వేడి లేదు."

ఆయన వంతెన దిగాక పక్కకి తీసి ఆపారు. ముందు చక్రం కాలిబాట ఎక్కి దిగింది. ఇంజను తిరుగుతూనే ఉంది. చాలాసేపు తిరిగాక, "ఆ రేకు నువ్వు కోసిందే కదూ" అన్నారు.

నేను నా బొటనవేలు చూసుకున్నాను.

"నేను కోస్తే గరుకు లోపలివైపు వస్తుంది. అది బయటికి ఉంది. పుర్రచేతి కోత. మనింట్లో పుర్రచేయి ఎవరిది?"

"నాదే."

"నేనెంత కోశాను?"

"పదమూడు."

"ఐదు సెంటీమీటర్లా" అన్నారు, కొత్తవాడి తప్పు పట్టుకున్న మేస్త్రి గొంతుతో. "అట్లాంటివాణ్ని నేనైతే ఆ పూటే ఇంటికి పంపేస్తాను."

"నేను పంపలేదు కదా" అన్నాను.

"పంపాల్సింది."

అది కోపం కాదు. కోపమైతే నాకు తెలుస్తుంది. ఇంజను ఆపి, తాళం నా ఒళ్లో వేసి దిగారు. బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ చుట్టూ తిరిగి నా వైపు వచ్చారు.

లైసెన్సు ఉంది కానీ నేను స్టీరింగు పట్టుకుని పదకొండేళ్లు. గేరు మార్చినప్పుడల్లా బండి గొర్రెలా అరిచింది. ఆయన ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని, "క్లచ్చు పూర్తిగా తొక్కు, అది పాము కాదు" అన్నారు. మలుపుల దగ్గర చెవి పెట్టి వింటూ, ఇప్పుడు మూడో గేరు, ఇప్పుడు వదులు అని చెప్పారు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ముప్పై ఎనిమిది నిమిషాలు. ఇది వరసలో వెయ్యను, డ్రైవరు మారింది.

ఇంటికి వచ్చి మొహం కడుక్కుని, ఆయనే అమ్మాయికి ఫోన్ కలపమన్నారు. నేను కలిపి, స్పీకరు పెట్టి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాను. రేపు నేను రావడం లేదమ్మా, బస్సులో వచ్చెయ్యండి, అమ్మ బస్టాండుకి వస్తుంది అన్నారు. బండి మళ్లీ మొరాయించిందా అని అమ్మాయి నవ్వింది.

"బండి బాగుంది. నాకే కనిపించడం లేదు."

అటువైపు నవ్వు ఆగింది. తర్వాత మెల్లగా, "ఏమేం కనిపించడం లేదు నాన్నా?" అంది.

ఏదో ఒకటి చెప్పి ఊరుకుంటారనుకున్నాను. ఆయన ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టారు, రేకు కొలతలు చదివినట్టు. పక్కనుంచి వచ్చే బళ్లు. టేపు మీద మూడూ ఎనిమిదీ. మెట్లలో ఆఖరిది. నీలమూ ఆకుపచ్చా. వర్క్‌షాపులో డ్రాయింగులు వెల్డరు చదివి చెబుతుంటే, తనకీ కనిపిస్తున్నట్టు తలూపడం. అది ఏడాదిగా అట. సగం నాకు తెలుసు. సగం తెలియదు. వదిన లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడి వింటోంది.

"సాయంత్రం పూట మీ అమ్మ కిటికీ దగ్గర కూర్చుంటుందా" అన్నారు, "వెనకనుంచి ఎండ పడుతుంటే, అక్కడున్నది మీ అమ్మో మీ అత్తో, మాట్లాడేదాకా నాకు తెలియదమ్మా."

నేను లేచి, కుర్చీ ఇటువైపు జరుపుకుని, ఎండ నా మొహం మీద పడేలా కూర్చున్నాను.